తలకాయ లేని చేపలు

మొన్న భీమవరంలో కొత్తగా తెరిచిన సూపర్ మార్కెట్‌కి మా తోడికోడలి కోడలు హారిక నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. ఆ ఏసీ చలికి కాళ్ళు లాగుతుంటే కాసేపు నిలబడదామని ఒక అర దగ్గర ఆగాను. ఆ అర నిండా అరచేతిలో పట్టేంత రేకు డబ్బాలు. డబ్బా మీద నీలం సముద్రం, ఆ సముద్రంలో ఎందుకో తెగ సంతోషంగా ఉన్న చేప. హారిక గబగబా వచ్చి ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. "చిన్నత్తయ్యగారూ, ఇవి సార్డీన్సండి. ఆలివ్ ఆయిల్లో నిలవ ఉంచుతారు. ఒమేగా త్రీ ఉంటుంది, గుండెకి చాలా మంచిదండి. మీ వయసు వాళ్ళు కచ్చితంగా తినాలి." ఈ అమ్మాయి ఆహారం గురించి ఫోన్లో ఏదో కోర్సు చేసింది. అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఒక ఇడ్లీ తినాలన్నా ముందు పాఠం వినాలి. నేను డబ్బా తిప్పి చూసి, "కవళ్ళే కదమ్మా" అన్నాను. "అయ్యో, అవి వేరండి. ఇవి ఇంపోర్టెడ్" అంది, పెద్దదాన్ని నొప్పించకూడదన్నట్టు మెత్తగా. అలాగేనమ్మా అని తలూపాను. పాతికేళ్ళ కిందట నార్వేలో అలాంటి డబ్బాలు బీరువాలకి బీరువాలు ఖాళీ చేసినదాన్ని. కానీ ఆ పిల్ల కోర్సు పాడుచేయడం ఎందుకని ఊరుకున్నాను.

కవళ్ళు అంటే ఏమిటో ఆ పిల్లకి తెలియకపోవడంలో తప్పేమీ లేదు. మా వైపు వాటిని మనుషులు తింటారని ఒప్పుకునేవాళ్ళే తక్కువ. నరసాపురం అవతల సముద్రం ఒడ్డున ఇసకలో ఎండబోసేవాళ్ళు. లారీలకెత్తితే దాణా మిల్లుకి వెళ్ళి పిండై వచ్చేవి. ఆ పిండి కోళ్ళు తినేవి, రొయ్యలు తినేవి. రొయ్యలు బలిశాక వాటిని ఐసులో పెట్టి, పట్టుబట్టలు కట్టినంత జాగ్రత్తగా డబ్బాల్లో సర్ది విదేశాలకి పంపేవాళ్ళం. ఆ విదేశాల వాళ్ళు మా రొయ్యల్ని పండగలకీ పబ్బాలకీ తిని, మిగతా రోజుల్లో గుండె బాగుండాలని బుద్ధిగా కవళ్ళు తినేవారు. గుండెకి మంచిదేదో అది మా రొయ్యలకి పెట్టి, మేం మాత్రం నెయ్యి తాగేవాళ్ళం. ఇంత తెలివైన ఏర్పాటు గోదావరి జిల్లాల వాళ్ళకి తప్ప ఇంకెవరికీ తట్టదు.

నేను పెళ్ళయి వచ్చిన ఇల్లు భీమవరానికి దగ్గర్లో, కాలవ గట్టు మీద ఊళ్ళో. మా పుట్టింటి వాళ్ళం బడిపంతులు గారి పిల్లలం, ఏ చేప దొరికితే ఆ చేపే మాకు గొప్ప. అత్తవారింట్లో మాత్రం చేపలకీ కులగోత్రాలుండేవి. సొంత చెరువులో పెరిగిన బొచ్చె, శీలావతి ఇంట్లోకి వచ్చే చేపలు. కొర్రమేను జ్వరం పడి లేచినవాళ్ళకి. సముద్రపు చేపలు ఎవరో వేరేవాళ్ళకి. ఇంక ఎండు చేపంటే గేటు లోపల పేరెత్తకూడదు, అది కూలోళ్ళ తిండి. నీచు వండటానికి పెరట్లో వేరే పొయ్యి, వేరే మట్టి దాక, వేరే గరిటె ఉండేవి. పనిమనిషి చేపని గరుకు బండ మీద రాళ్ళుప్పు వేసి రుద్దీ రుద్దీ, దాని ఒంటి మీద పొలుసన్నది లేకుండా తెల్లగా తోమి తెచ్చేది. మా అత్తగారు పసుపూ నిమ్మకాయా పట్టించి ఇంకో రెండు కడుగులు కడిగి, అప్పుడు వాసన చూసి, ముఖం చిట్లించి మళ్ళీ కడిగేది. చింతపండు పులుసు సన్నసెగ మీద కుతకుతలాడుతుంటే ఆ వాసన వీధి మలుపు దాకా వచ్చేది. పొద్దున వండింది సాయంత్రానికి గానీ వడ్డించేది కాదు. ముక్కకి పులుసు పట్టాలి అనేది, మొక్కుకున్నంత నిష్ఠగా.

ఆ పులుసులో తలకాయ ఒక పదవి. బొచ్చె తలకాయంటే మామూలుది కాదు, చిన్నపిల్లాడి తలంత ఉంటుంది, కంచంలో పెడితే ఇంక అన్నానికి చోటుండదు. అది ఇంటి పెద్ద మగాడిది. మిగతా మగవాళ్ళకి నడిమి ముక్కలు, అల్లుళ్ళొస్తే పొట్ట ముక్కలు. ఆడవాళ్ళం చివర్న కూర్చునేవాళ్ళం, మాకు తోక ముక్కలు. మా అత్తగారికి అన్నిటికన్నా చివరి తోక. ఆవిడ దానికేమీ బాధపడేది కాదు, పైగా తోకలోనే రుచుంటుందని మాకు చెప్పేది. మా మామగారు భుజాన తువ్వాలు సర్దుకుని ఆ తలకాయతో గంటసేపు సంసారం చేసేవారు. విరిచి, పిండి, జుర్రి, ఆ ముళ్ళన్నీ కంచం పక్కన విస్తరాకు అంచున వరసగా పేర్చేవారు. ఆ గంటలో ఎవరూ ఆయనతో పొలం మాట గానీ, కోర్టు మాట గానీ ఎత్తకూడదు. అత్తగారు గరిటె పట్టుకుని పక్కనే నిలబడి, ఆయన ముఖంలో సంతోషం తన కష్టానికి జీతం అన్నట్టు చూస్తుండేది.

నా పెళ్ళయిన మరుసటేడే ఆయన పోయారు. తలకాయ పులుసుతో భోంచేసి, పడక కుర్చీలో వెనక్కి వాలి, మళ్ళీ లేవలేదు. యాభై అయిదు కూడా నిండలేదు. మైల తీరి మళ్ళీ నీచు వండిన రోజున అందరం కూర్చున్నాం. అత్తగారు ఏమీ మాట్లాడకుండా తలకాయ తీసి పెద్దకొడుకు, అంటే మా బావగారి కంచంలో వేసింది. అంతే, పట్టాభిషేకం అయిపోయింది. ఊళ్ళో వాళ్ళు కూడా ఆ మర్నాటి నుంచే ఆయన్ని పెద్దాయన అనడం మొదలుపెట్టారు. మా బావగారికి రొయ్యల చెరువులు కలిసొచ్చిన రోజులవి. పొద్దున నెయ్యి, సాయంత్రం తలకాయ, రాత్రి యానాం నుంచి వచ్చిన మందు సీసాలు, మధ్యమధ్యలో సిగరెట్లు. తర్వాత చెరువులకి వైరస్ వచ్చింది. రొయ్యలు తెల్లమచ్చలతో గట్టు పక్కకి కొట్టుకొచ్చాయి. ఆయన ఆ గట్టు మీదే ఛాతీ పట్టుకుని కూలబడ్డారు. నలభై ఒకటి. నెయ్యినీ, సిగరెట్లనీ, యానాన్నీ ఎవరూ ఒక్క మాట అనలేదు. అంతా రాత అన్నారు. మా వైపు గుండెపోటుకి డాక్టర్లు వేరే పేర్లు పెడతారు గానీ, ఇంట్లో వాళ్ళు పెట్టే పేరు అదొక్కటే.

మళ్ళీ మైల తీరింది. మళ్ళీ బొచ్చె వచ్చింది. ఈసారి తలకాయ మా ఆయన కంచంలో పడింది. అప్పుడాయనకి ముప్ఫై ఏడు. అన్నకన్నా నాలుగేళ్ళు చిన్న. ఆ కంచం వైపు చూస్తూ నేను వేసుకున్న లెక్క ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. తండ్రి యాభైల్లో పోయాడు, అన్న నలభైల్లో పోయాడు. ఇంక మిగిలింది ఈయన. ఆయన మాత్రం పెద్దరికం మీద పడినందుకు మీసం దువ్వుకుని, తువ్వాలు సర్దుకుని, అచ్చం వాళ్ళ నాన్నలాగే తలకాయ విరిచారు.

మా ఆయన ఐసు ఫ్యాక్టరీల యంత్రాలు బిగించే ఇంజనీరు. రొయ్యలు పోయాక మా జిల్లాలో ఐసుకి గిరాకీ లేకపోయింది. ఆ యంత్రాలు అమ్మిన నార్వే కంపెనీ వాళ్ళు, మీరు మా మిషన్లని మాకన్నా బాగా తిట్టగలరు, మా దగ్గరికే వచ్చెయ్యండి అన్నట్టు, నాలుగేళ్ళ పనికి పిలిచారు. ఆయనా, నేనూ, మా అమ్మాయీ ఒక ఓడరేవు ఊళ్ళో దిగాం. ఆ ఊళ్ళో ఉన్నవి మూడే మూడు, వాన, మంచు, చేపలు. చేపల ఊరికే వచ్చాం కదా అని మా ఆయన మొదటి రోజున ఎంతో ఉత్సాహంగా రేవుకి వెళ్ళి, తిరిగొచ్చి గుమ్మంలోనే నిలబడిపోయారు. "రాజ్యం, వీళ్ళు తలకాయలు తినరే!" అన్నారు. తినకపోవడం ఒక్కటే కాదు, ఆ తలకాయలన్నీ కోసి, ఎండగట్టి, ఓడలెక్కించి ఎక్కడో ఆఫ్రికాకి అమ్మేస్తారట. "తలకాయ అమ్ముకునే జాతి ఎలా బాగుపడిందో నాకు అర్థం కావట్లేదు" అని వారం రోజులు అదే దిగులు.

కంపెనీ వాళ్ళు ఉద్యోగంలో చేరేముందు వైద్య పరీక్ష చేయించారు. ఆ డాక్టరమ్మ కాగితాలు చూసి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని చూసింది. మీ నాన్నగారు ఎలా పోయారని అడిగితే ఈయన, "భోంచేసి" అన్నారు. అన్నగారు? "చెరువు గట్టు మీద." ఆవిడ నావైపు చూసింది. ఆ చూపుతో నాకు విషయమంతా తెలిసిపోయింది. నెయ్యి మానాలి, సిగరెట్టు మానాలి, రోజూ నడవాలి, ఎర్ర మాంసం జోలికి పోకూడదు, నూనె ఉండే సముద్రపు చేపలు తినాలి, డబ్బాల్లోవైనా సరే, పొగబెట్టినవైనా సరే. ఏ చేపలని అడిగితే గోడ మీద బొమ్మల్లో వేలు పెట్టి చూపించింది. ఒకటి కవళ్ళు. రెండోది కానాగంతలు. మా ఆయన బయటికొచ్చి మంచులో నిలబడి అన్న మొదటి మాట, "ఇంత దూరం తీసుకొచ్చి నాకు కోళ్ళ దాణా రాసిచ్చింది." నవ్వొచ్చింది, అంతకన్నా ఎక్కువ భయమేసింది. మాది పై అంతస్తు, చెక్క మెట్లు. ఆయన ఆఫీసు నుంచి వచ్చి మెట్లెక్కుతుంటే వంటింట్లో స్టవ్ ఆపి వినేదాన్ని. అడుగుల చప్పుడు మధ్యలో ఆగితే నా గుండె కూడా ఆగేది. ఆయన గుమ్మంలోకి వచ్చి, "ఏంటలా చూస్తావు?" అనేవారు. ఏం లేదండీ అనేదాన్ని. నాలుగేళ్ళు అలాగే చెప్పాను.

మొదటి డబ్బా తెరిచిన రోజు తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. రేకు మూత చుట్టలా చుట్టుకుపోతూ వెనక్కి లేచింది. లోపల వేలెడంత చేపలు, ఒకదాని మీద ఒకటి, ఎంతో బుద్ధిగా పడుకుని ఉన్నాయి. నూనెలో మునిగి ఉన్నాయి. చచ్చి ఎన్నాళ్ళయిందో అనిపించింది. మా అత్తగారి దగ్గర పెరిగిన చెయ్యి కదా, ఊరుకుంటుందా. ముందు ఆ నూనంతా వంచి సింకులో పారబోశాను. తర్వాత రాళ్ళుప్పు దొరక్క మామూలు ఉప్పు, పసుపు, నిమ్మకాయ పట్టించి కడిగాను. వాసన చూసి ముఖం చిట్లించి మళ్ళీ కడిగాను. ఆ పని మీద ఉండగానే కింది వాటాలో ఉండే ముసలావిడ ఇంగ్రిడ్ ఏదో ఇవ్వడానికి వచ్చి, సింకు చూసి, నా మణికట్టు పట్టుకుని ఆపింది. ఆవిడ భర్త చేపల పడవ మీద పనిచేసినవాడు, పోయి చాలా కాలమైందట. "ఆ నూనే కదమ్మా మందు" అని వచ్చీరాని ఇంగ్లీషులో మొత్తుకుంది. నేను వినలేదు. చింతపండు పులుసు కాచి, మిగిలినవి అందులో వేసి, ముక్కకి పులుసు పట్టాలని సాయంత్రం దాకా సన్నసెగ మీద వదిలేశాను. పట్టింది. ఎంత బాగా పట్టిందంటే, పులుసు తప్ప ఇంకేం మిగల్లేదు. మా ఆయన గరిటెతో అడుగు నుంచి దేవి, "ముక్క ఏదే?" అన్నారు. "అంతటా ఉందండీ" అన్నాను. కాసేపు తిని, ఎంతో మర్యాదగా అడిగారు, "పోనీ తలకాయ?"

తలకాయ లేని చేప తిని ఎలా బతకాలన్నది ఆయనకి పెద్ద సమస్య అయిపోయింది. కంచంలో తలకాయ లేకపోతే తను ఇంటి పెద్ద అని ఎవరు చెబుతారు? ఆ దేశంలో చెప్పేవాళ్ళెవరూ లేరు. వాళ్ళ మేనేజరు మధ్యాహ్నం రెండు రొట్టెముక్కల మధ్య టమాటాలో ఉడికిన కానాగంత పెట్టుకుని, నిలబడే తినేసి, చేతులు దులుపుకుని వెళ్ళిపోతాడట. "అంత పెద్ద ఆఫీసరు, మన చెరువు కాపలావాడికన్నా అన్యాయంగా తింటున్నాడు" అని జాలిపడేవారు. మా అమ్మాయి మాత్రం ఆ టమాటా చేపకి రెండు వారాల్లో అలవాటుపడి, బడి నుంచి రాగానే రొట్టె మీద పులుముకుని తినేది. మా ఆయన ఆ దృశ్యం చూడలేక ముఖం తిప్పుకునేవారు. ఇంకా తెల్లటి జావలో చేప ఉండలు తేలే డబ్బాలు కూడా ఉండేవి. అవి మేం ఒక్కసారే తిన్నాం. వాళ్ళ దేశానికి మేం చూపించగలిగిన మర్యాద అంతే.

దారి చూపించింది ఇంగ్రిడే. ఒక శనివారం నన్ను రేవు దగ్గర ఒక చిన్న కొట్టుకి లాక్కెళ్ళింది. లోపలికి అడుగుపెట్టానో లేదో, కాళ్ళు ఆగిపోయాయి. కట్టెల పొగ వాసన, ఉప్పు వాసన, చేప వాసన, మూడూ కలిసి. అది మా అమ్మ వంటిల్లు. మా పుట్టింట్లో పొయ్యి పైన ఉట్టిలో ఎండు చేపలుండేవి, పురుగు పట్టకుండా పొగ తగలాలని. పొద్దున్నే అమ్మ ఒక ఉప్పు చేప తీసి నిప్పుల మీద పడేసి, అటూ ఇటూ తిప్పి, బూడిద దులిపి, చద్దన్నం పెరుగు కలిపిన కంచాల అంచున తలో తుంపు పెట్టేది. నాన్నగారు బడికి ఆలస్యమవుతోందని అంటూనే ఇంకో తుంపు అడిగేవారు. అత్తవారింటికి వచ్చిన రోజు నుంచీ ఆ వాసన నేను పీల్చలేదు. కూలోళ్ళ తిండి అన్నారు కాబట్టి, నాకసలు ఇష్టం లేనట్టే ఉండిపోయాను. ఆ కొట్లో బంగారు రంగు తేలిన కానాగంతలు తోకలకి తాళ్ళు కట్టి వేలాడుతున్నాయి. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. పొగ వల్ల అని ఇంగ్రిడ్‌కి చెప్పాను. ఆవిడ నమ్మినట్టే తలూపింది.

ఇంటికి తెచ్చి కాగితం విప్పాను. ఈసారి కడగలేదు. చర్మం లాగితే కాగితంలా ఊడొచ్చింది. లోపల ముక్క మెత్తగా, నూనె ఓడుతూ ఉంది. ముందు రోజు అన్నంలో పెరుగు కలిపి, ఉల్లిపాయ కోసుకుని, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ ఒక్కదాన్నే కూర్చుని తిన్నాను. తృప్తిగా, ఎవరికీ చివరి ముక్క మిగల్చకుండా తిన్నాను. పెళ్ళయ్యాక నేను ముందు కూర్చుని తిన్న మొదటి భోజనం అది. మా ఆయన వచ్చి వాసన పట్టి, "ఎండు చేప కాల్చావా? ఇదేం పని? కూలోళ్ళ..." అన్నారు. "కాదండీ, ఇది స్మోక్డ్ మాకెరెల్. మీ మేనేజరు గారింట్లో అతిథులొస్తే పెడతారట" అన్నాను. ఆయన ముఖం మారింది. చెయ్యి కడుక్కుని కూర్చున్నారు. మళ్ళీ లేచి ఫోర్కు తెచ్చుకున్నారు. అదే చేపని మా అమ్మ నిప్పుల మీద కాల్చి పెడితే చేత్తో కూడా ముట్టుకోని మనిషి, ఇంగ్లీషు పేరు పెట్టేసరికి నేప్‌కిన్ పరుచుకుని తిన్నారు. మూడో ముద్దకి ఫోర్కు పక్కన పెట్టేశారు. నాలుగో ముద్దకి, "ఇంకోటుందా?" అన్నారు.

ఆ తర్వాత మా ఇంట్లో నెయ్యి డబ్బా బీరువా అడుక్కి వెళ్ళిపోయింది. సిగరెట్లు గొడవలతోనైనా ఆగాయి. డబ్బాలో కవళ్ళకి ఉల్లిపాయ, నిమ్మరసం, కాస్త కారం వేసి, నూనెతో సహా వేడన్నంలో కలిపితే దానికి ఏ పులుసూ సాటిరాదని కనిపెట్టాను. ఈ సంగతి మా అత్తగారికి తెలిస్తే నన్ను వెలేస్తుందని కూడా తెలుసు. ఆదివారం ఆదివారం ఫోన్ చేసేవాళ్ళం. గోదావరి నుంచి నార్వే దాకా తన గొంతు ఫోన్ సాయం లేకుండానే చేరాలన్నట్టు అరిచేది ఆవిడ. "ఏం వండుతున్నావే వాడికి?" అంది ఒక ఆదివారం. చేపలేనండి, డాక్టరు చెప్పిందండి అన్నాను. "ఏం చేపలు?" కవళ్ళండి, కానాగంతలండి. "కవళ్ళా! నా కొడుకుని కోడిపెట్టని చేశావన్నమాట." కాసేపు దులిపేసి, గుర్తొచ్చినట్టు అడిగింది, "తలకాయ వాడికే వేస్తున్నావా?" ఇక్కడ చేపలకి తలకాయ ఉండదండి, డబ్బాలో పెట్టేముందే తీసేస్తారు అన్నాను. "డాక్టరు అవే తినమందా? తలకాయ లేనివే?" అంది, ఈసారి అరవకుండా. అవునండి, గుండెకి మంచిదని అన్నాను. ఆవిడ ఫోన్ పెట్టేసింది. కోపం వచ్చిందనుకున్నాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం, "ఇంకా తలకాయ లేనివే కదా?" అని అడిగేది. అవునంటే, "మానిపించకు" అనేది. ఎత్తిపొడుస్తోందనుకుని మా ఆయనకి చెప్పుకుని నవ్వేదాన్ని.

ఇప్పుడు హారికలాంటి వాళ్ళు డబ్బా వెనక అక్షరాలు చదివి, ఎన్ని గ్రాముల కొవ్వు ఉందో చూసి, యాప్‌లో ఎక్కించి తింటున్నారు. బాగానే ఉంది. మా రోజుల్లో ఒంటికి ఏది మంచిదన్నది అమ్మలూ అత్తలూ చెప్పేవాళ్ళు, ఎక్కువ భాగం తప్పే చెప్పేవాళ్ళు. నెయ్యి బలమన్నారు, ఉప్పు చేప నీచమన్నారు. ఆ తప్పుల వల్ల మా ఇంట్లో మనుషులు పోయారు. కాకపోతే ఆ తప్పులు చెప్పిన మనిషి ఎదురుగా నిలబడి, ముద్ద దిగిందా లేదా అని చూసేది. యాప్ అలా చూడదు. ఏది మేలు అంటే, డాక్టరమ్మ పక్షానే ఉంటాను. మనసు మాత్రం ఆ పెరట్లోనే ఉంది.

నాలుగో ఏడు తొలకరికి సెలవు మీద ఇంటికొచ్చాం. సరిగ్గా అప్పుడే ఆయనకి నలభై ఒకటి నిండింది, వాళ్ళన్నయ్య పోయిన వయసు. పుట్టినరోజని ఎవరూ అనలేదు. ఆ మాటెత్తడానికి ఆ ఇంట్లో ఎవరికీ ధైర్యం లేదు. అత్తగారు పొద్దున్నే చెరువు మీదికి కబురుపెట్టి పెద్ద బొచ్చె తెప్పించింది. తనే కడిగింది, తనే వండింది, మమ్మల్ని ఎవర్నీ పెరట్లోకి రానివ్వలేదు. సాయంత్రం మా ఆయన్నీ, మా బావగారి కొడుకునీ కూర్చోబెట్టారు. మా తోడికోడలు అన్నం వడ్డించింది, నేను నీళ్ళు పెట్టాను. అత్తగారు దాక తెచ్చి కొడుకు కంచంలో నడిమి ముక్క వేసింది, ఇంకోటి వేసింది. ఆయన నాలుగేళ్ళ ఆకలితో ఆ దాకలోకి తొంగిచూశారు.

"తలకాయ ఏదమ్మా?"

"లేదు."

"బొచ్చెకి తలకాయ లేకపోవడం ఏంటి? అదేమన్నా నార్వే నుంచి వచ్చిందా?" అని నవ్వారు.

"నేను తినేశాన్రా" అంది ఆవిడ.

మేమంతా ఆవిడ వైపు చూశాం. ఆ ఇంట్లో మగవాళ్ళు చెయ్యి కడిగేదాకా మెతుకు ముట్టని మనిషి, పెళ్ళయి వచ్చినప్పట్నుంచీ తోక తప్ప ఎరగని మనిషి, మేం ఎవరం చూడకుండా పెరట్లో పొయ్యి దగ్గర పీటేసుకుని తలకాయ మొత్తం ఒక్కర్తీ తినేసింది. గరిటె దాకలో పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ చెప్పింది. "మీ నాన్నకి పెట్టాను. పెద్దాడికి పెట్టాను. ఈ చేత్తో నేనే పెట్టాను. తలకాయ తీసేసి తింటే గుండెకి మంచిదని ఆ దేశంలో డాక్టరుకి తెలిసింది, నాకెవరూ చెప్పలేదు. కాలవలో పారేద్దామనుకున్నాను. ఎవరో ఏరుకుపోతారు, వాళ్ళింట్లోనూ మగాడుంటాడు. అందుకే నేనే తినేశాను. అయితే గియితే నాకే అవుతుంది."

మా తోడికోడలు అన్నం గిన్నె కింద పెట్టి గోడకి ఆనుకుంది. నేను అలా చెప్పలేదండీ, డాక్టరు చెప్పింది అది కాదండీ అని నేను అనేలోగా మా ఆయన ఎంగిలి చేత్తోనే లేచి వాళ్ళమ్మ చెయ్యి పట్టుకున్నారు. "అమ్మా, తలకాయది తప్పు కాదమ్మా. నువ్వు పెట్టిందేదీ తప్పు కాదు" అన్నారు. ఆయన గొంతు అలా వినడం అదే మొదలు. ఆవిడ చెయ్యి విడిపించుకుని, "నీకేం తెలుసు, ఊరుకో. కూర్చుని తిను, చల్లారిపోతుంది" అంది. ఆయన కూర్చుని తిన్నారు. నేను పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను. పొయ్యి పక్కన విస్తరాకు అంచున ముళ్ళు వరసగా పేర్చి ఉన్నాయి.

మేం నార్వే నుంచి పూర్తిగా తిరిగొచ్చేశాక కూడా ఎంతమంది ఎన్ని రకాలుగా చెప్పినా ఆవిడ వినలేదు. ఆ ఇంట్లో ఏ చేప వండినా తలకాయ ముందుగా తనే తీసుకునేది. తొంభైకి దగ్గరగా బతికింది. ఈయనకీ డెబ్బై దగ్గరపడుతోంది. మేం ఆవిడ వంటని మెచ్చుకుంటే మురిసిపోయేది గానీ, తలకాయ బాగుందని మాత్రం ఏనాడూ అనలేదు. ఆవిడకది విషం. కొడుకు కంచంలోకి రాకుండా, అన్నేళ్ళూ తనే తింది.